వెనక్కి తీసుకున్న క్షమాపణ

పెద్దక్క ఫోన్ ఎత్తగానే అనే మొదటి మాట "చెప్పండి", రెండో మాట "క్షమించండి". ఆ రెండింటి మధ్యా అవతలివాళ్ళు చెప్పేదంతా ఆమె చెవిన పడేది గానీ మనసు దాకా వెళ్ళేది కాదు. ఇళ్ళు శుభ్రం చేసిపెట్టే వ్యాపారం మొదలుపెట్టినప్పటి నుంచీ అంతే. చేతిలోంచి గిన్నె జారితే గిన్నెకి కూడా క్షమాపణ చెప్పే రకం మా వదిన అని ఆడపడుచు ఎగతాళి చేసేది.

ఆమెకు తోబుట్టువులు ఎవరూ లేరు. పనిలో మొదట చేరిన మనిషి "అక్కా" అంది. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాటకి ముందు "పెద్ద" చేర్చారు. వాడగా వాడగా అదే పేరైపోయింది. బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు తప్ప అసలు పేరు ఆమెకే గుర్తొచ్చేది కాదు. వ్యాపారం పెట్టకముందు చాలా ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసు భవనంలో నేలలు తుడిచింది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక వంగొద్దు అని డాక్టరు చెప్పాడు. "వంగి తుడిచే పని మానేసి, వంగి మాట్లాడే పనిలోకి వచ్చాను" అని తనమీద తనే జోకు వేసుకునేది.

దర్జీ కొట్టు వెనకాల ఒక గది, అదే ఆఫీసు. లోపలికి అడుగుపెడితే తడిగుడ్డల వాసన, నేల కడిగే మందు వాసన కలిసి ముక్కు పట్టుకునేవి. ఒక గోడకి తలకిందులుగా ఆరేసిన మాపులు, ఇంకో గోడకి ఇళ్ళ తాళాల మేకులు, మూలన రోజంతా గుడ్డలు ఉతుకుతూ వణికిపోయే వాషింగ్ మెషిన్. అది గట్టిగా తిరిగినప్పుడల్లా టేబుల్ మీద ఫోన్ అంగుళం అంగుళం జరిగి అంచు దాకా వచ్చేది. "పడిపోతే పీడా పోతుంది" అనుకుంటూనే పెద్దక్క దాన్ని వెనక్కి జరిపేది.

మనుషుల్ని, బకెట్లని వ్యాన్‌లో ఇంటింటికీ చేరవేసేది ఆమె భర్త. ఆయనకి ఎడమ చెవి వినపడదు. వ్యాన్ నడిపేటప్పుడు పక్కన కూర్చునేవాళ్ళు అటువైపే ఉంటారు కాబట్టి, దారి పొడుగునా ఆడపడుచు వాగే వాగుడు ఆయన్ని తాకేది కాదు. ఆడపడుచుకి ముక్కు మీదే కోపం, నాలిక చివరే మాట. పని మాత్రం చకచకా చేస్తుంది. ఎవరైనా వెనక నిలబడి చూస్తే ఒళ్ళు మండిపోతుంది. అందుకే ఇంట్లో మనుషులు లేని ఇళ్ళకే ఆమెని పంపేవాళ్ళు.

ఫిర్యాదులంటే నిజంగా పని చెడగొట్టినవి తక్కువ. అలాంటివి వస్తే పెద్దక్కకి ఒక రకంగా సుఖం. మనిషిని మళ్ళీ పంపి సరిచేయించేది, అయిపోయేది. తల ప్రాణం తోకకి తెచ్చేవి వేరే. ఒకాయన సోఫా గోడకి ఎంత దూరంలో ఉండాలో కొలిచి పెట్టుకున్నాడు. తుడవడానికి జరిపి మళ్ళీ పెట్టాక వేలెడు తేడా వచ్చిందని ఫోన్ చేసేవాడు. ఆయనకి కొలతలాయన అని పేరు పెట్టారు. ఇంకొకాయన వాసనలాయన. మందు వేసి తుడిస్తే మందు వాసన అంటాడు, ఉత్త నీళ్ళతో తుడిస్తే నీళ్ళ వాసన అంటాడు. ఒక పెద్దావిడ కిటికీలు మరీ శుభ్రంగా తుడిచారని కోప్పడింది. ఇదివరకు మసగ్గా ఉండేదట, ఇప్పుడు ఎదురింటివాళ్ళు తింటున్నది కూడా కనిపిస్తోందట. మొన్నామధ్య కొత్తగా చేరిన ఒకావిడ అయితే, "ఇల్లు శుభ్రంగానే ఉందండి, కానీ శుభ్రంగా ఉన్నట్టు అనిపించట్లేదు" అంది.

"క్షమించండి మేడమ్, ఈసారి అనిపించేట్టు చేయిస్తాను" అంది పెద్దక్క.

పక్కనే స్ప్రే సీసాలు నింపుతున్న ఆడపడుచు నోరు తెరిచింది. "ఎలా చేయిస్తావు వదినా? వాళ్ళ బుర్ర కూడా మనమే తుడవాలా?"

"ఊరుకోవే. ఒక్క మాటతో పోయేదానికి గొడవెందుకు?"

పెద్దక్క నమ్మకం అదే. క్షమాపణకి ఖర్చేముంది? నోట్లోంచి మాట వస్తుంది, అవతలివాళ్ళు చల్లబడతారు, మర్నాడు వ్యాన్ మామూలుగా వెళ్తుంది. నిజమెవరిదని వెతుక్కుంటూ కూర్చుంటే రోజుకి రెండిళ్ళు కూడా పూర్తికావు. సాయంత్రానికి మోకాళ్ళకంటే ముందు ఆమె దవడలు నొప్పిపుట్టేవి. ఇంటికెళ్ళి భర్తతో కూడా మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఆయన అడిగినదానికి తలూపి, అన్నం ముందు కూర్చుని, నమలడం కూడా ఒక పనేనా దేవుడా అనుకునేది.

ఆ మొదట చేరి "అక్కా" అన్న మనిషి పేరు నిదానం. ఆ పేరూ వీళ్ళు పెట్టిందే. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటుంది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ప్రశ్నని లోపలికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసుకుని అప్పుడు చెబుతుంది. పని కూడా అంతే. ఆడపడుచు రెండు గదులు ముగించేలోపు ఆమె ఒకటి ముగిస్తుంది. కానీ ఆమె చేసిన గదికి రెండోసారి వెళ్ళాల్సిన అవసరం రాదు. భర్త లేడు. చెవిటి తల్లితో, చదువుకుంటున్న కూతురితో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పెద్దక్క దగ్గర ఇన్నేళ్ళు చేసినా ఎదురుగా ఒక్క మాట అన్నది లేదు.

నదికి దగ్గర్లో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్ ఉంది. అందులో మూడిళ్ళు వీళ్ళవే, మూడిటికీ నిదానమే వెళ్ళేది. వాటిలో ఒకటి అద్దాలావిడ ఇల్లు. ఆ ఇంట్లో అద్దం కానిది అరుదు. అద్దాల తలుపులు, అద్దాల అల్మారాలు, హాలు మధ్యలో పెద్ద అద్దపు భోజనం బల్ల. వేలు పెడితే ముద్ర పడుతుంది, ముద్ర పడితే ఫోన్ వస్తుంది. అద్దాలావిడ చెడ్డమనిషేమీ కాదు. పొద్దున్నుంచీ ఎక్కడో ఉద్యోగంలో ఎవరెవరి చేతో మాటలు పడి, ఇంటికొచ్చి చూసుకుంటే కనీసం బల్లైనా మెరుస్తూ ఉండాలనుకునే మనిషి. మెరవకపోతే ఆ రోజు పడిన మాటలన్నీ కలిపి ఇటు అప్పజెప్పేది.

ఒకరోజు పని అయ్యాక నిదానం ఆఫీసుకొచ్చి తాళం మేకుకి తగిలిస్తూ, "అక్కా, ఆ అద్దాలింట్లో బల్ల అంచున చిన్న పగులుంది. గోడవైపు మూల. నేను వెళ్ళేసరికే ఉంది. ఆవిడకి చెప్పండి, ముందు ముందు పెద్దదైతే కష్టం" అంది.

పెద్దక్క అప్పుడు కొలతలాయనతో ఫోన్లో ఉంది. చెయ్యి ఫోన్‌కి అడ్డం పెట్టి, "సరేలే, చెబుతాను" అంది. చెప్పలేదు. మర్నాడు గుర్తొచ్చింది. ఫోన్ తీసింది కూడా. చెబితే ఆవిడ ఎలా, ఎప్పుడు, ఎవరు అని ఎంతసేపు పీకుతుందో తలుచుకునేసరికి ఒంట్లో ఓపిక అడుగంటిపోయింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు అలాగే జరుగుతూ పోయింది.

పగులు మాత్రం ఆగలేదు. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అద్దాలావిడ ఫోన్ చేసింది. అప్పుడు గదిలో పెద్దక్క, నిదానం ఇద్దరే ఉన్నారు. నిదానం మెషిన్‌లోంచి తీసిన గుడ్డల్ని మడతపెడుతోంది. నీలంవి వంటింటికి, పసుపువి బాత్రూములకి, విడివిడిగా.

"మీ మనిషి నా బల్ల పగలగొట్టింది" అంది అద్దాలావిడ. ఆమె గొంతు గదంతా వినిపిస్తోంది. "ఇవాళ పొద్దున చూశాను. మూల నుంచి మధ్య దాకా గీత పడింది. పగలగొట్టి, నోరు మెదపకుండా వెళ్ళిపోయింది. అదీ నా బాధ. చెప్పి ఉంటే నేనేమైనా అనేదాన్నా?"

ఆ పగులు సంగతి పెద్దక్కకి తెలుసు. తెలుసని చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న తన మీదికి వస్తుంది. పొద్దున్నుంచీ అది ఎన్నో ఫోనో. మోకాలు పొడుస్తోంది. అవతల ఆవిడ ఆపకుండా మాట్లాడుతోంది. పెద్దక్క నోరు తనకి అలవాటైన దారిన తనే వెళ్ళిపోయింది.

"క్షమించండి మేడమ్. మా మనిషి పొరపాటేనండి. అలా చెప్పకుండా రాకూడదు. నేను గట్టిగా మందలిస్తాను. ఇకమీద మీ ఇంటికి వేరే మనిషిని పంపిస్తాను."

అవతల ఆవిడ చల్లబడింది. బల్ల సంగతి తన భర్త చూసుకుంటాడని, నమ్మకమే ముఖ్యమని ఇంకాస్త చెప్పి పెట్టేసింది. ఎప్పటిలాగే ఒక్క మాటతో పోయింది.

పెద్దక్క తలెత్తి చూసింది. నిదానం వీపు కనిపిస్తోంది. చేతులు ఆగలేదు. మిగిలిన గుడ్డలన్నీ మడతపెట్టి, నీలం దొంతర మీద నీలం, పసుపు దొంతర మీద పసుపు సర్దింది. ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. సంచీ భుజాన వేసుకుంది.

"ఏదో మాట వరసకి అన్నానే. ఆవిడ సంగతి నీకు తెలుసుగా" అంది పెద్దక్క.

నిదానం గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. "ఊఁ" అంది. వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే కూతురు ఎత్తి, "అమ్మ ఇక రాదంటండీ" అని మర్యాదగా చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాతి రోజులు పెద్దక్కకి నరకం. నిదానం ఇళ్ళు అందరికీ పంచితే ఎవరికీ సరిపోలేదు. ఆడపడుచు వాసనలాయన ఇంటికెళ్ళి, ఆయన వెనకే తిరుగుతూ వాసన చూస్తుంటే, "ముక్కుకి గుడ్డ కట్టుకోండి సార్" అని వచ్చేసింది. ఆయన ఫోన్ చేశాడు.

"ఆ పొడుగావిడని పంపండి. ఆవిడ తుడిస్తే ఇంట్లో ఏ వాసనా ఉండేది కాదు."

"ప్రతి వారం వాసనొస్తోందని ఫోన్ చేసేవారు కదండీ?"

"చేసేవాణ్ణి. అది వేరు."

అపార్ట్‌మెంట్‌లో మిగతా రెండిళ్ళకి కొత్త మనిషిని పంపినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ మనిషి వచ్చి చెప్పింది. కింద కాపలా అతను, "ఆ బల్ల పగలగొట్టినామె మానేసిందా, తీసేశారా?" అని అడిగాడట. లిఫ్టులో ఇద్దరు ఆడవాళ్ళు, "పగలగొట్టి గప్‌చుప్‌గా జారుకుందట, వాళ్ళ ఓనరే ఒప్పుకుంది" అని చెప్పుకుంటున్నారట.

వాళ్ళ ఓనరే ఒప్పుకుంది. ఆ మాట పెద్దక్కని పగలంతా వదల్లేదు. ఆ సాయంత్రం వ్యాన్‌లో కూర్చుని, "నిదానం ఇంటికి పోనివ్వండి" అంది. ఆయన చెవి సంగతి మర్చిపోయింది. ఆయనకి వినపడలేదు. భుజం తట్టి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మేడమీద ఇల్లు. మెట్లెక్కడానికి పెద్దక్క రెండు చోట్ల ఆగింది. నిదానం తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి జరిగింది. కుర్చీ తెచ్చి వేసింది. మంచం మీద ముసలితల్లి కూర్చుని, వచ్చిందెవరో తెలియకపోయినా నవ్వుతోంది. గది అద్దంలా ఉంది. ఇంతమంది ఇళ్ళు తుడిచొచ్చి మళ్ళీ దీన్నెప్పుడు తుడుచుకుంటుందో అనిపించింది పెద్దక్కకి.

"రావే. నీ జీతం పెంచుతాను" అంది. అది తప్ప వేరే ఏమనాలో తోచలేదు.

నిదానం మంచం అంచున కూర్చుంది.

"జీతం గురించి కాదక్కా."

"మరి?"

"పగులుందని నేను మీకు చెప్పాను."

"చెప్పావు."

"మీకు గుర్తుంది కదా."

గుర్తులేదంటే బాగుండుననిపించింది పెద్దక్కకి. "గుర్తుంది" అంది.

"గుర్తులేక అన్నారేమో అనుకున్నానక్కా. అదే అడుగుదామని గుమ్మం దగ్గర ఆగాను. అడగలేకపోయాను." నిదానం గొంతు పెంచలేదు. "ఎవరెవరో ఏదేదో అంటారు. ఇన్నేళ్ళుగా వింటూనే ఉన్నాం. మీరు ఫోన్లో సారీ చెబుతూనే ఉంటారు, నవ్వుకునేదాన్ని. పోనీలే, మా తరఫున మాటలు పడుతోంది అనుకునేదాన్ని. కానీ ఈసారి మీరు పడలేదక్కా. నన్ను పడేశారు."

ముసలితల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో మంచి కబురే అయి ఉంటుందని మళ్ళీ నవ్వింది.

"నా కూతురి స్నేహితురాలు ఆ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది" అంది నిదానం. "మా పిల్ల ఇంటికొచ్చి అడిగింది. అమ్మా, నిజంగా నువ్వే పగలగొట్టావా, భయపడి చెప్పలేదా అని. నా కూతురు నన్ను అడిగింది."

పెద్దక్క నోట్లోకి "క్షమించు" అన్న మాట వచ్చింది. పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. పొద్దున్నే కొలతలాయనకి చెప్పిన మాటే అది. అదే మాట తీసుకొచ్చి ఇక్కడ పెట్టడానికి మొహం చెల్లలేదు. లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చేసింది.

వ్యాన్‌లో భర్త కుడి చెవి ఇటు తిప్పి అడిగాడు. "ఏమంది?"

"రానంది."

"రాదులే. ఎవరొస్తారు?" అన్నాడు ఆయన. అది కోప్పడినట్టు లేదు. రోడ్డు మీద గుంత ఉందన్నట్టు చెప్పాడు. పెద్దక్కకి అదే ఎక్కువగా తగిలింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారాక మంచం మీదే కూర్చుని, "ఆ అద్దాలావిడ దగ్గరికి వెళ్తాను" అంది.

"వెళ్ళి?"

"అదే తెలియట్లేదు. సారీ చెప్పినందుకు సారీ అనాలా?"

ఆయన చెప్పులు వేసుకుంటూ, "నాకేం తెలుసు. వ్యాన్ తీస్తాను" అన్నాడు.

సెలవు రోజు కావడంతో అద్దాలావిడ ఇంట్లోనే ఉంది. జుట్టు ముడేసుకుని, పాత చొక్కా తొడుక్కుని, ఫోన్లో వినిపించే గొంతుకంటే చిన్నగా కనిపించింది. కళ్ళ కింద నల్లబడి ఉంది. బల్ల మీద మందపాటి గుడ్డ కప్పి ఉంది. పెద్దక్కని చూసి ఆశ్చర్యపోయి, "ఫోన్లో మాట్లాడేశాం కదా. మీరు రావాల్సిన పని లేదు" అంది.

"క్షమించండి, మీతో" అని మొదలుపెట్టి పెద్దక్క ఆగిపోయింది. ఛీ, మళ్ళీ అదే. చెప్పులు విడిచిన చోటే నిలబడి, ఒకసారి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ బల్ల మా మనిషి పగలగొట్టలేదండి. తను వెళ్ళేసరికే మూల పగులుంది. చూసిన రోజే నాకు చెప్పింది. మీకు చెప్పమంది. నేను చెప్పలేదు. బద్ధకించాను. అది నా తప్పు. కానీ తను దాచలేదు, పగలగొట్టలేదు. ఆ రోజు ఫోన్లో మా మనిషి పొరపాటు అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అద్దాలావిడ నొసలు ముడేసింది. "వెనక్కి తీసుకోవడమేంటి?"

"అనకూడని మాట అన్నానండి."

"అంటే ఏమిటి, మేమే పగలగొట్టుకుని మీ మీద పెట్టామంటారా?"

"అది నాకు తెలియదండి. తను కాదని మాత్రం తెలుసు."

"అప్పుడేమో అవునన్నారు. ఇప్పుడేమో కాదంటున్నారు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు చెప్పిందండి" అంది పెద్దక్క.

ఆవిడకి కోపం రావడానికి కాస్త సమయం పట్టింది గానీ వచ్చాక బాగానే వచ్చింది. అబద్ధాలు చెప్పే మనుషుల చేతికి ఇంటి తాళమిచ్చానా అంది. ఇకనుంచి మీ మనుషులెవరూ మా గుమ్మం తొక్కొద్దు అంది. బిల్డింగ్ గ్రూపులో అందరికీ తెలిసేలా పెడతానంది.

"పెట్టండి. తను పగలగొట్టలేదని నేను వచ్చి చెప్పిన మాట కూడా పెట్టండి" అంది పెద్దక్క. బ్యాగులోంచి ఆ ఇంటి తాళం తీసి గట్టు మీద పెట్టి వచ్చేసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. జ్వరం తగ్గాక ఉండే నీరసంలాంటిదేదో ఒళ్ళంతా పట్టుకుంది.

ఆ పగులు ఎవరు చేశారో ఆమెకి ఆనాడూ తెలియదు, ఆ తర్వాతా తెలియలేదు.

అద్దాలావిడ అన్నంత పనీ చేసింది. ముందు ఒప్పుకున్నారని, తర్వాత మాట మార్చారని, నమ్మదగ్గవాళ్ళు కారని గ్రూపులో పెట్టింది. ఓనరమ్మ ఇంటికొచ్చి పనిమనిషి తప్పు లేదని చెప్పిన సంగతి కూడా కోపంలో రాసేసింది. దాంతో మిగిలిన రెండిళ్ళలో ఒకటి పోయింది. రెండో ఇల్లు ఒక మందుల షాపాయనది. ఆయన ఫోన్ చేసి, "మీ బల్లల గొడవ నాకొద్దు. మా ఇంట్లో చెక్క బల్లే. ఆ పాతావిడ వస్తుందా, రాదా? అది చెప్పండి" అన్నాడు.

నిదానం వెంటనే రాలేదు. ఆ మధ్యలోనే ఒక బట్టల లాండ్రీలో పొద్దుటి పూట పనికి కుదిరింది. ఒక సాయంత్రం తనే ఆఫీసుకొచ్చింది. గుమ్మంలో నిలబడి, "నా కూతురు చెప్పిందక్కా. మీరు వెళ్ళి చెప్పారటగా" అంది.

"వెళ్ళాను."

"మధ్యాహ్నాలు ఖాళీయే నాకు."

పెద్దక్క తలూపింది. మెషిన్ గడగడా తిరుగుతోంది. నిదానం లోపలికొచ్చి, కుప్పగా పడి ఉన్న గుడ్డల్ని చూసి మొహం చిట్లించింది. ఆడపడుచు నీలం, పసుపు అన్నీ కలిపేసింది.

"ఒకటే మాటక్కా" అంది విడదీస్తూ. "నా గురించి ఫోనొస్తే, నన్నడిగి మాట్లాడండి."

"సరే."

సరే అనడం తేలికే. చెయ్యడం అంత తేలిక కాలేదు. ఇదివరకు ఒక ఫిర్యాదుకి ఒక ఫోన్ సరిపోయేది. ఇప్పుడు "కనుక్కుని చెబుతానండి" అనాలి. పనిలో ఉన్న మనిషికి ఫోన్ చేయాలి, ఆమె చేతులు తుడుచుకుని ఎత్తేదాకా ఆగాలి, మళ్ళీ అటు చేసి చెప్పాలి. అడిగింది నిదానాన్నైతే జవాబు వచ్చేదాకా ఇంకాస్త ఆగాలి. కనుక్కుంటానంటేనే కొందరు చిరాకు పడేవారు. మా మాట మీద నమ్మకం లేదా అనేవారు. కొలతలాయన అయితే, ఇన్నాళ్ళూ వినగానే సారీ చెప్పే మనిషివి, ఇప్పుడిదేం పొగరు అని మానేశాడు. వ్యాపారం కొంచెం చిక్కింది. పెద్దక్క ఇంకా ఎక్కువ అలసిపోయింది. సాయంత్రం దవడలతో పాటు ఇప్పుడు బుర్ర కూడా నొప్పి.

ఒకసారి మందుల షాపాయన ఫోన్ చేసి, వంటింట్లో పింగాణీ మూత విరిగిందన్నాడు. పెద్దక్క నిదానానికి చేసింది. నిదానం ఎప్పటిలా ఆలోచించింది. లాండ్రీలో ఇస్త్రీ ఆవిరి బుసలు ఫోన్లో వినిపిస్తున్నాయి.

"అవునక్కా, నేనే. కడిగేటప్పుడు తగిలింది. చెబుదామని అక్కడే ముక్కలు పక్కన పెట్టాను. చెప్పడం మర్చిపోయాను."

"సరేలే" అని పెద్దక్క ఆయనకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, క్షమించమంది. ఎన్నో వందలసార్లు అన్న మాటే. ఆయన "పర్వాలేదులెండి" అన్నాడు. ఆమె ఫోన్‌ని టేబుల్ అంచు నుంచి వెనక్కి జరిపింది. ఆ ఒక్కసారికీ దవడ నొప్పి పుట్టలేదు.

ఆ ఏడాది చివర్లో ఎడమ మోకాలు పూర్తిగా మొరాయించింది. ఆపరేషన్ చేశారు. కొన్ని వారాలు మంచం దిగొద్దన్నారు. ఫోన్ ఎవరు చూసుకోవాలన్నది పెద్ద సమస్య అయింది. నిదానం వద్దంది, తను ఆలోచించేలోపు వాళ్ళు పెట్టేస్తారని. చివరికి ఫోన్ ఆడపడుచు చేతికే వెళ్ళింది. ఆఫీసు గదిలో కూర్చోవడం కుదరదని ఇంటి హాల్లోనే మకాం పెట్టింది. పెద్దక్క లోపలి గదిలో, కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకుని ఉంది. తలుపు ఓరగా తీసి ఉంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"చెప్పండి" అంది ఆడపడుచు. "ఏంటండీ? దిండు గలీబు తిరగేసి తొడిగామా? పడుకున్నాక తెలిసిందా? మరి పడుకోగలిగారు కదండీ."

పెద్దక్క ఉలిక్కిపడి మోచేతుల మీద లేవబోయింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్న భర్త చెయ్యి అడ్డం పెట్టాడు.

"పడుకో."

"అది వాళ్ళతో గొడవ పెట్టుకుంటోందండీ. ఉన్న నాలుగిళ్ళూ పోతాయి."

"పోతే పోతాయి. ఎన్ని పోతాయో కాలు తగ్గాక చూసుకుందువు గాని. పడుకో."

హాల్లో గొంతు పెరుగుతోంది. "లేదండీ, నేను సారీ చెప్పనని అనట్లేదు. ఎందుకు చెప్పాలో మీరు చెప్పండి, అప్పుడు చెబుతాను." ఏదో జవాబు వచ్చింది కాబోలు, ఆడపడుచు గట్టిగా నవ్వింది. అవతల మనిషి కూడా నవ్వుతున్నాడేమో తెలియదు. పెద్దక్క చెవులు రిక్కించింది. కాసేపు విన్నది. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. కాలు బరువుగా, ఎవరిదో కాలులా ఉంది. ఇంకొక్క మాట వింటే ఏం జరిగిందో తెలిసిపోయేది. ఆ మాట వినకుండానే ఆమెకి నిద్రపట్టేసింది.